తాళం కథకు పడిన మూడు మార్కుల విషయమై

పరీక్షల విభాగం ఉన్నతాధికారి గారి సముఖమునకు,
మూల్యాంకన కేంద్రంలో కిటికీ పక్క బల్ల దగ్గర ఏడో తరగతి భాషా పేపర్లు దిద్దుతూ ఉండగా, నిన్న మధ్యాహ్నం నుంచి దిద్దనివ్వకుండా కూర్చోబెట్టబడిన ఉపాధ్యాయుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కథా రచన ప్రశ్నకు నేను ఎనిమిది మార్కులు వేయగా, నా స్వంత తప్పిదం వలన మూడు మార్కులకు పడిపోయిన ఒక జవాబు పత్రమును, ఈ సాయంత్రం జాబితాలకు సీలు వేయక మునుపే, వేరొకరి చేత మరల దిద్దించవలసిందిగా కోరుట గురించి.

సూచిక: చీఫ్ ఎగ్జామినరు గారు నాకు ఇచ్చిన మెమో. (నకలు జతపరచలేదు. చొక్కా జేబులో ఉంది, చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి.)

ఈ అర్జీని తమ గది ముందరి మెట్ల మీద కూర్చొని వ్రాయుచున్నాను. తమ గదికి తాళం వేసి ఉన్నది. సారు ఇదిగో వచ్చేస్తారు, దారిలో ఉన్నారు అని తమ అటెండరు చెప్పి చాలాసేపయింది. దస్తూరీ వంకరగా ఉంటే మెట్టు ఎగుడుదిగుడుగా ఉందని గ్రహించగలరు. ఇక మనవి చేసుకొనునది ఏమనగా:

1. తమ విభాగం ఇచ్చిన ప్రశ్న ఇది: "నువ్వు బడి నుంచి ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. తర్వాత ఏం జరిగిందో కథగా రాయి." మొత్తం పది మార్కులు. వాటిని ఎట్లా పంచాలో మాకు ఒక సూచనల కాగితం ఇచ్చారు. ప్రారంభానికి రెండు, పాత్రలకు రెండు, సంఘటనల వరుసకు రెండు, సంభాషణకు ఒకటి, ముగింపుకు రెండు, నీతికి ఒకటి. పదికి నాలుగు రాని పిల్లలను వచ్చే ఏడు 'పునాది సెక్షను'లో వేయవలెనని సర్క్యులరు. ఈ నాలుగు అనే అంకెను తాము దయచేసి గుర్తుంచుకోవలెను. నా ఏడుపంతా దాని గురించే.

2. నాకు అందిన కట్టలో చాలామంది పిల్లల ఇంటికి దొంగ వచ్చాడు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. బజారులో అమ్మే గైడులో తాళం కథకు దొంగ ఉన్నాడు, వాడు గళ్ళ చొక్కా వేసుకున్నాడు. కనుక నా కట్టలో పట్టుబడిన దొంగలందరివీ గళ్ళ చొక్కాలే. అందరినీ పక్కింటి అంకులే స్తంభానికి కట్టేశారు. పోలీసులు అందరికీ పెన్నుల సెట్టే బహుమతిగా ఇచ్చారు. చివర నీతి, దాని కింద రెండు గీతలు. ఒక్క పిల్లవాడు మాత్రం కంగారులో దొంగకు పెన్నుల సెట్టు ఇప్పించి అంకుల్ని స్తంభానికి కట్టించాడు. సూచనల ప్రకారం వాడికీ తొమ్మిది వచ్చాయి. అన్ని గడులూ నిండాయి కదా, నేనేం చేసేది? దిద్దగా దిద్దగా, పేజీలో గళ్ళ చొక్కా కనబడితే చాలు, నా చేయి తొమ్మిది వేసేసి పక్కకు జరిపే స్థితికి వచ్చింది.

3. ఇక సదరు జవాబు పత్రం. అది కట్టలో అట్టడుగున ఉన్నది. పేరున్న చీటీ ముందే చింపేస్తారు గనుక ఆ బిడ్డ ఎవరో, ఏ బడో, ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు. జవాబులకు నకలు తీయరాదని నిబంధన ఉన్నది. జ్ఞాపకం పెట్టుకోరాదని ఎక్కడా లేదు, వెతికి చూశాను. నాకు జ్ఞాపకం ఉన్నది ఇది. ఒత్తులు నేను సరిచేశాను, తక్కినదంతా ఆ బిడ్డదే.

"నేను వచ్చేసరికి తాళం వేసి ఉంది. అమ్మ ఇప్పుడే వెళ్ళిందేమో, తాళం ఇంకా ఊగుతోందేమో అని చూశాను. ఊగట్లేదు. మెట్ల మీద కూర్చున్నాను. పైఇంటి అత్త దిగుతూ, ఏంటి ఇక్కడ కూర్చున్నావు అంది. ఊరికే అత్తా, లోపల ఉక్కగా ఉంది అన్నాను. అత్త తాళం వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మంచిదైంది. అమ్మ వచ్చాక తిట్టకుండా హోంవర్కు తీశాను. రాస్తుంటే మా గడియారం వినిపించింది. మా గడియారం తలుపు బయటికి కూడా వినిపిస్తుందని నాకు తెలీదు. లోపల ఎవరూ లేకపోయినా అది కొట్టుకుంటూనే ఉంది. అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. అమ్మ అడుగులు నాకు తెలుసు. ఇవి అవి కావు. నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను."

అంతే. కింద సగం పేజీ ఖాళీ.

తాళం వేసిన ఇంట్లో ఉక్కగా ఉందట, అయ్యా! బయట నిలబడి ఉన్న బిడ్డ, ఇంటి పరువు పోకుండా, అమ్మ మీదికి మాట రాకుండా, అప్పటికప్పుడు ఆడిన అబద్ధం అది. అది చదివి నేను పెన్ను కింద పెట్టి, లేచి, కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. మూల్యాంకన సమయంలో బల్ల వదిలి లేవరాదన్న నిబంధనను నేను ఆ విధంగా కూడా ఉల్లంఘించినట్టు ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

4. ప్రారంభానికి రెండు వేశాను. పాత్రలకు రెండు వేశాను. వరుసకు రెండు, సంభాషణకు ఒకటి. ముగింపుకు రెండింటిలో ఒకటి వేశాను. నీతికి సున్నా. మొత్తం ఎనిమిది. అంతటితో ఆపి ఉంటే తమకు ఈ అర్జీ చదివే శ్రమ ఉండేది కాదు.

మా బడిలో నాకొక అలవాటు ఉన్నది. పిల్లలు నోటుబుక్కులో కథ రాసి ఎక్కడ ఆపేస్తే అక్కడ మార్జినులో ఎర్ర సిరాతో 'తర్వాత?' అని రాసి ఇచ్చేస్తాను. వాళ్ళు మర్నాడు దాని కింద ఇంకో నాలుగు వాక్యాలు రాసి తెస్తారు. నేను మళ్ళీ 'తర్వాత?' అంటాను. అట్లా ఒక్కో కథ వారాల తరబడి నడుస్తుంది. ఒక దయ్యం కథయితే వేసవి సెలవులు దాటి పై తరగతిలోకి కూడా వచ్చింది. ఆ అలవాటు కొద్దీ నా చేయి, నన్ను అడగకుండా, సదరు పత్రం మార్జినులో ఖాళీ సగం పేజీ పక్కన 'తర్వాత?' అని రాసింది. రాయడమే కాదు. ఆ బిడ్డ ఎదురుగా నిలబడి ఉన్నట్టు పేపరును బల్ల అవతలి అంచు దాకా తోశాను.

జవాబు పత్రం మీద అంకెలు తప్ప అక్షరం రాయరాదు. రాస్తే అది 'గుర్తు పెట్టిన పత్రం' అవుతుంది. దిద్దినవాడు ఎవరికో సైగ చేశాడని అర్థం. అప్పుడు మొదట వేసిన మార్కులు చెల్లవు. పత్రం చీఫ్ గారి చేతికి వెళుతుంది, ఆయన స్వయంగా దిద్దుతారు. ఇది నాకు తెలియదని అనను. తెలుసు. పక్క బల్ల మేడమ్ అది చూసి, "అయ్యయ్యో, ఏం పని చేశారు మాస్టారూ!" అని నోటికి చేయి అడ్డం పెట్టుకున్నప్పుడు గుర్తొచ్చింది.

5. చీఫ్ గారిని కేంద్రంలో అందరూ స్కేలు సారు అంటారు. కొట్టివేత కూడా ఆయన స్కేలు పెట్టే గీస్తారు. ఆయన నా ఎనిమిది మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీసి, మొదటి నుంచి దిద్దారు. ప్రారంభం ఒకటి. పాత్రలు ఒకటి. సంఘటనలు సున్నా. సంభాషణ ఒకటి. ముగింపు సున్నా, నీతి సున్నా. వెరసి మూడు.

"సంఘటనలకు సున్నా ఏంటి సార్?" అన్నాను.

"ఏం జరిగింది చెప్పండి. కూర్చుంది. ఇంకా కూర్చుంది. అంతేగా?"

"ఆ కూర్చోవడమే కదా సార్ కథ."

"మాస్టారూ, నాకు మాత్రం మనసు లేదనుకున్నారా? బాగుంది. బాగుందనే నేనూ అంటున్నా. ముగింపు ఏదీ? చూపించండి, రెండూ వేసేస్తా."

"ఒక్క మార్కు వెయ్యండి సార్. మూడు నాలుగవుతుంది, ఆ సెక్షను తప్పుతుంది."

"ఏ గడిలో వెయ్యమంటారు?"

నేను సూచనల కాగితం అంతా చూశాను. ఏ గడీ కనబడలేదు.

"అసలు మీరు తర్వాత అని రాశారే, అది ఎవరు చదవాలని?" అన్నారాయన, ఈసారి గొంతు తగ్గించి. "ఈ పేపరు ఆ బిడ్డకు తిరిగి వెళ్ళదు. గోనెసంచిలోకి పోతుంది. ఉత్తరం రాసి బావిలో వేసినట్టు చేశారు కదండీ."

ఆయన మెమో రాసి ఇచ్చారు. నా ఎర్ర పెన్ను తీసుకున్నారు.

6. ఈ అంశంలో చీఫ్ గారి గురించి నాలుగు మాటలు రాసి, మళ్ళీ నేనే కొట్టివేశాను. కొట్టివేతను మన్నించవలెను, నా దగ్గర స్కేలు లేదు. ఆయన చెడ్డవారు కారు. అందుకు నా దగ్గర సాక్ష్యం కూడా ఉన్నది, అదే ఈ అర్జీకి ప్రాణం. చీఫ్ గారు సదరు కథ చివరి వాక్యం చదివాక పేజీ తిప్పారు. వెనక ఏమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పి, చివరి వాక్యం చదివి, ఇంకోసారి తిప్పారు. నా రెండు కళ్ళతో చూశాను. గళ్ళ చొక్కా దొంగను ఇన్నిసార్లు పట్టుకున్నాం కదా, ఏ ఒక్క పేపరుకైనా ఆయన ఖాళీ పేజీ తిప్పారా? నేను తిప్పానా? పేజీ తిప్పించడానికి సూచనల కాగితంలో గడి లేదు. అదే ఉంటే ఆ ఒక్క మార్కు చీఫ్ గారి వేళ్ళే వేసేసి ఉండేవి.

(ఇక్కడ లేచి తమ గది తలుపు దాకా వెళ్ళి వచ్చాను. తాళం అట్లాగే ఉన్నది.)

7. పునాది సెక్షను గురించి తమకు తెలియనిది నేను చెప్పగలవాడను కాను. అయినా చెబుతాను, ఎందుకంటే మా బడిలో దానికి పాఠం చెప్పేది నేనే. విరిగిన బెంచీలు పెట్టే గది పక్కన ఉంటుంది. అక్కడ పిల్లలు అచ్చు పుస్తకం చూసి గుండ్రంగా రాయడం నేర్చుకుంటారు. మంచిదే, రాత బాగుపడుతుంది. కానీ ఆ సిలబస్సులో కథ లేదు. రాయించరాదు కూడా, పునాది గట్టిపడ్డాకనే రాయించాలని ఉత్తర్వు. పోయినేడు ఒక పిల్లవాడు వచ్చాడు. మా వాళ్ళందరూ వాణ్ణి రేడియో అనేవాళ్ళు. పిల్లి గోడ దూకినా వాడు దాన్ని పావుగంట చెప్పేవాడు. ఇప్పుడు వాడితో, "నిన్న ఏం చేశావురా?" అంటే, "ఎన్ని లైన్లు సార్?" అని అడుగుతాడు. వాడి దస్తూరీ ముత్యాల్లాగా ఉన్నది. నేను ఆ నోటుబుక్కు తెరవగానే మూసేస్తాను.

ఆ బిడ్డను కూడా ఆ గదిలోకి పంపేది చీఫ్ గారు కాదు, తాము కాదు, నేను. ఒకే ఒక్క మాట రాసి. అది కూడా మెచ్చుకోలుగా రాసి. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు, కుదురుగా ఒక చోట కూర్చోలేను, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఇది అర్జీలో రాయవలసిన సంగతి కాదని తెలుసు. రాశాను.

8. మా ఆవిడ అభిప్రాయం కూడా తమ దృష్టికి తేవడం న్యాయం. ఆమె బట్టలు కుడుతుంది, కొలతలో పట్టింపు మనిషి.

"అంకెలు వెయ్యమన్న చోట అక్షరాలు వెయ్యడమేంటండీ? జాకెట్టు కుట్టమంటే నేను కాలరు పెడతానా?" అన్నది.

"అది కాదే, కథ ఆగిపోయింది."

"ఆగిపోతే మీకేం? చూసేవాళ్ళు నవ్విపోతారు."

కాసేపు మిషను తొక్కింది. తర్వాత ఆపి, "ఇంతకీ వాళ్ళమ్మ వచ్చిందా?" అన్నది.

"రాయలేదు."

"రాయకపోతే మాత్రం! వచ్చే ఉంటుందిలెండి. ఆడపిల్లను అట్లా ఎంతసేపు వదిలేస్తుంది?"

"ఆడపిల్లని నీకెవరు చెప్పారు?"

"అమ్మ మీద మాట పడకుండా అబద్ధం ఆడిందంటే ఆడపిల్లే."

"నేనూ ఆడేవాణ్ణి చిన్నప్పుడు."

"చాల్లెండి సంబడం. పొద్దున్నే వెళ్ళి ఆ పెద్దసారు కాళ్ళో వేళ్ళో పట్టుకోండి. ఆ పిల్ల సంగతి తేల్చకుండా ఇంటికి రాకండి."

కావున నేను ఇంటికి కూడా పోలేని పరిస్థితిలో ఉన్నానని తాము గమనించ ప్రార్థన.

9. ఈ అర్జీని అటెండరు చేతికిచ్చి వెళ్ళిపోవచ్చు కదా అని తాము అనవచ్చు. అతనూ అదే అన్నాడు.

"ఇచ్చి వెళ్ళండి సార్, టేబుల్ మీద పెడతాను. అన్నిటికంటే పైన పెడతాను, సరేనా?"

పెట్టగలడు, మంచివాడు. కానీ ఇందులో ఆ పత్రం సంకేత సంఖ్య లేదు. జవాబు పత్రం సంఖ్యను ఏ కాగితం మీదా రాయరాదని, రాస్తే ఆ పత్రాన్నే రద్దు చేస్తారని నిబంధన. ఒకసారి రాయకూడనిది రాసి ఆ బిడ్డను ఈ గతి పట్టించాను, రెండోసారి రాయను. సంఖ్య లేకుండా తాము ఇన్ని గోనెసంచుల్లో దాన్ని వెతికించలేరు. కనుక తాము రావలెను, నన్ను అడగవలెను, నేను నోటితో చెప్పవలెను. మరో దారి ఉంటే తెలియజేయగలరు. నేను చాలా ఆలోచించాను.

10. ఇది రాద్దామా వద్దా అని రెండుసార్లు మెట్లు దిగి ఎక్కాను. ఇందాక పక్క బల్ల మేడమ్ కేంద్రం నుంచి మార్కుల జాబితాల పెట్టె మోయించుకుని వచ్చారు. సీలు వేసేది కింద గదిలోనట. నన్ను చూసి, "ఏంటి మాస్టారూ, ఇక్కడ కూర్చున్నారు?" అన్నారు.

మెమో ఇచ్చారు, పెన్ను లాక్కున్నారు, అర్జీ పట్టుకుని పొద్దుటి నుంచి మెట్టు మీద పడి ఉన్నాను అని చెప్పాలి కదా. పోనీ తలనొప్పి అనాలి కదా.

"ఊరికే మేడమ్, లోపల ఉక్కగా ఉంది" అన్నాను.

ఒట్టు, అయ్యా, ఆలోచించి అనలేదు. అది దానంతట అదే వచ్చింది. ఆవిడ తాళం వైపు చూడకుండా వెళ్ళిపోయారు. మంచిదైంది అనుకున్నాను.

అప్పటి నుంచి వింటున్నాను. తమ గదిలో గడియారం ఉన్నది. తలుపు బయటికి వినిపిస్తున్నది.

సదరు కథకు ముగింపు లేదని చీఫ్ గారు సున్నా వేశారు. నేను కూడా ఒక మార్కు కోసి, తెలివిగలవాడిలా తర్వాత ఏమిటని అడిగాను. మా ఇద్దరిదీ తప్పే. మెట్టు మీద కూర్చున్నవాళ్ళకు 'తర్వాత' ఉండదు. తలుపు తీసేవాళ్ళ దగ్గర ఉంటుంది. ఇది నాకు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తెలియలేదు. ఆ బిడ్డ తనకు తెలిసినంత వరకు రాసి, తెలియని చోట ఆపింది. నా ఎనిమిది కూడా తక్కువేనని ఇందుమూలంగా సవరించుకుంటున్నాను.

కనుక నా కోరికలు:

(అ) సదరు పత్రమును, మార్జినులోని నా ఎర్ర సిరా మీద తెల్ల కాగితం అంటించి, ఈ సంగతి తెలియని మూడో మనిషి చేత దిద్దించవలెను. వారు మూడే వేస్తే నేను నోరెత్తను. నాలుగు వేస్తే చాలు.

(ఆ) నాకు ఏ శిక్ష వేసినా సమ్మతమే. ఇక మీదట దిద్దే పనికి పిలవకపోయినా ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ రాయను.

(ఇ) వచ్చే ఏటికి సూచనల కాగితంలో నీతికి ఉన్న ఒక మార్కును తీసివేసి, చదివినవారు ఖాళీ పేజీ తిప్పి చూస్తే వేయడానికి ఒక గడి ఏర్పాటు చేయవలెను. లేదా నీతిని ఉంచి గడియైనా పెట్టవలెను. బేరం కాదు, మనవి.

తాము పెద్దలు, పనుల మీద తిరిగేవారు, ఆలస్యం సహజం. సీలు వేసే లక్క వాసన కింది నుంచి వస్తున్నది కాబట్టి తొందరపెట్టుచున్నాను, అంతకు మించి వేరే ఉద్దేశం లేదు. కూర్చొని వ్రాసిన దీనిని, తాము వచ్చినప్పుడు నిలబడి ఇవ్వగలవాడను. చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఒక్క మాట విషయంలో తప్ప),
కిటికీ పక్క బల్ల ఉపాధ్యాయుడు

తా.క.: సంతకం చేసి మడత పెట్టబోతుంటే మెట్ల మీద అడుగులు వినిపించాయి. అటెండరు అడుగులు నాకు ఈపాటికి తెలుసు. ఇవి అవి కావు. తమ అడుగులు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, మోకాలి మీద ఇది రాస్తున్నాను. వచ్చేది తామే అయితే, దయచేసి ఇక్కడ ఎందుకు కూర్చున్నావని అడగకండి. అబద్ధం చెప్పేస్తాను. పేపరు నంబరు అడగండి. నోటికి వచ్చు.